ఫ్రిజ్ పాడైతే కంపెనీ సర్వీసా, ఊళ్లో మెకానిక్కా?

శ్రీకాకుళంలో లక్ష పోసి కొన్న ఫ్రిజ్ చల్లబడటం మానేస్తే మొదటి టెన్షన్ ఇదే: ఎవరిని పిలవాలి?

వారంటీ ఉంటే కంపెనీకే ఫోన్ చేయండి. బయటివాళ్లు విప్పితే అది చెల్లకుండా పోవచ్చు. కంపెనీ మనిషి విశాఖ నుంచి రావాలంటే మాత్రం రెండు మూడు రోజులు ఆగక తప్పదు.

ఊళ్లో మెకానిక్ పిలిచిన పూటే వస్తాడు. డోర్ రబ్బరు, ఫ్యాన్, డీఫ్రాస్ట్ హీటర్ (పేరుకున్న ఐస్‌ను కరిగించేది) లాంటివి చక్కగా మారుస్తాడు. గ్యాస్ దగ్గరే నాకు భయం. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఏ మండే గ్యాస్. దాన్ని గ్రాముల లెక్కన తూచి నింపాలి. మా ఇంటికొచ్చిన మెకానిక్ ఒకాయన తూకం లేకుండా అందాజాగా కొట్టేశాడు. నెల తిరక్కుండా కంప్రెసర్ పోయింది. ఆ బాధ ఇంకా ఉంది. కంప్రెసర్ వేగాన్ని అదుపు చేసే ఇన్వర్టర్ బోర్డు కూడా కంపెనీకే వదిలేయండి.

అసలు ఎవరినీ పిలవకముందు తలుపు సందులో కాగితం పెట్టి లాగి చూడండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు పట్టు వదిలినట్టే. ప్లగ్ తీసి, కాయిల్ (వేడిని బయటికి వదిలే గొట్టాలు) బయటికి కనిపించే మోడల్ అయితే దాని దుమ్ము దులపండి. కళింగపట్నం వైపు ఇళ్లలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, అక్కడ ఈ పని ఇంకా తరచుగా చేయాలి.