చదవకుండా మిగిలిపోయిన పిల్లల పుస్తకాలు: ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ గ్రంథాలయంపై ఒక సమీక్ష

ప్రపంచ బాల సాహిత్యంలో పేరుపొందిన పుస్తకాలు చెప్పమంటే పది పేర్లు తడుముకోకుండా చెప్పగలను. వాటిలో మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివినవి ఏవని అడిగితే మాత్రం నా జవాబు చాలా చిన్నది. ‘పినోకియో’, ‘హైడీ’, ‘ద సీక్రెట్ గార్డెన్’, ‘ద విండ్ ఇన్ ద విల్లోస్’, ‘ట్రెజర్ ఐలాండ్’, ‘లిటిల్ విమెన్’, ‘బ్లాక్ బ్యూటీ’: వీటిలో ఒక్కదాన్ని కూడా నేను బాల్యంలో చదవలేదు. చందమామ, బాలమిత్రలతో పెరిగి, తెలుగు మాధ్యమంలో చదువుకున్న నాబోటివారికి ఈ కథలు తెలియక కాదు. ఇంగ్లీషు నాన్‌డిటెయిల్ పుస్తకంలో పరీక్ష కోసం కుదించి వేసిన పాఠంగానో, టీవీలో బొమ్మల సినిమాగానో, ఎవరో చెప్పిన కథాసారంగానో అవి మనకు చేరాయి. కథ తెలిసింది కాబట్టి పుస్తకం చదివినట్టే అన్న భావన అలా స్థిరపడిపోయింది. ఆ భావన ఎంత పొరపాటో నాకు తెలియజేసిన సేవ ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ కనుక, పెద్దవయసులో బాల సాహిత్యం చదవాలనుకునేవారి అవసరాలను దృష్టిలో పెట్టుకొని ఆ సేవను ఇక్కడ సమీక్షిస్తున్నాను.

ఇది అంతర్జాలంలోని ఉచిత గ్రంథాలయం. 1971 జులై 4న అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి తనకు లభించిన కంప్యూటరు సమయాన్ని ఉపయోగించుకొని అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను టైపు చేయడంతో ఇది మొదలైంది. నేడు ఇందులో 70 వేలకు పైగా పుస్తకాలున్నాయి. చందా లేదు, సభ్యత్వం లేదు, ఖాతా తెరవనక్కరలేదు, పుటల మధ్య ప్రకటనలు రావు. పుస్తకం పేరు వెతికి, అక్కడికక్కడే తెరమీద చదువుకోవచ్చు, లేదా ఈపబ్, కిండిల్, సాదా పాఠం రూపాల్లో ఫోనులోకి దించుకోవచ్చు. బొమ్మలు లేని ప్రతుల పరిమాణం ఎంత తక్కువంటే, నెట్ సరిగా అందని ఊళ్లో కూడా క్షణాల్లో దిగుతుంది, ఆ తరువాత నెట్ లేకపోయినా చదువు ఆగదు.

ఉచితంగా దొరికేది నాసిరకంగా ఉంటుందన్న అనుమానం సహజమే. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, యంత్రం చదివిన పాఠాన్ని యథాతథంగా పెట్టే చోట్ల అక్షరాలు చెదిరిపోయి ఉండటం మనందరికీ అనుభవమే. ఇక్కడ ఆ ఇబ్బంది బాగా తక్కువగా ఉండటానికి కారణం ‘డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్’ అనే స్వచ్ఛంద బృందం. 2000 సంవత్సరంలో మొదలైన ఈ బృందంలో ఒక్కొక్కరు ఒక్కొక్క పుటను తీసుకొని, అచ్చుపుటను, యంత్రం చదివిన పాఠాన్ని పక్కపక్కన పెట్టుకొని సరిచూస్తారు. వారు సరిచూసిన పుటను మరొకరు, ఆ తరువాత ఇంకొకరు తిరిగి చూస్తారు. జీతం లేకుండా ఇంత శ్రద్ధగా చేసిన పని ఫలితం చదివేటప్పుడు స్పష్టంగా తెలుస్తుంది, నేను చదివిన ప్రతుల్లో అచ్చుతప్పులు చాలా అరుదు.

ఇక పుస్తకాల విషయానికి వస్తాను, ఎందుకంటే గ్రంథాలయం విలువ తేలేది అక్కడే. నేను మొదట తీసుకున్నది ‘పినోకియో’. అబద్ధమాడితే ముక్కు పెరిగే కొయ్యబొమ్మ కథ అని మాత్రమే తెలిసిన నాకు, కార్లో కొల్లోడి రాసిన తొలి వాక్యాలే ఆశ్చర్యం కలిగించాయి. అనగనగా అని మొదలుపెట్టి, ‘ఒక రాజు!’ అని పిల్లలు అందుకుంటారని ఊహించి, కాదు, అనగనగా ఒక చెక్కముక్క ఉండేదంటాడు ఆయన. అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ఏడుగురు కొడుకులు అని విని పెరిగిన తెలుగువారికి, ఎక్కడో ఇటలీలో ఒక రచయిత అదే ఆరంభాన్ని పిల్లల చేత పలికించి, అక్కడే దాన్ని మలుపు తిప్పడం ఎంత దగ్గరగా తోస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

కుదించిన పాఠాల్లో పూర్తిగా మాయమైపోయేది ఈ పుస్తకంలోని పేదరికం. బొమ్మను చెక్కిన జెపెట్టో ఇంట్లో పొయ్యి గోడమీద వేసిన బొమ్మ, దానిమీద ఉడుకుతున్న కుండ కూడా బొమ్మే. ఆకలేసిన పినోకియో ఆ కుండ మూత తీయబోయి, అది రంగు మాత్రమేనని తెలుసుకుంటాడు. ఏడో అధ్యాయంలో జెపెట్టో తన ఉదయపు భోజనం కోసం దాచుకున్న మూడు పియర్ పండ్లను ఆ పిల్లవాడికి ఇచ్చేస్తాడు. తొక్క తీసి ఇస్తేనే తింటానంటాడు వాడు. జెపెట్టో ఓపికగా తొక్కలు తీసి, వాటిని పారేయకుండా బల్లమీద ఒక మూలన పెడతాడు. పండు తిన్నాక లోపలి గింజల భాగాన్ని విసిరేయబోతే చెయ్యి పట్టుకొని ఆపుతాడు. మూడు పండ్లూ అయిపోయాక కూడా ఆకలి తీరలేదని పిల్లవాడు ఆవలిస్తే, ఇంట్లో ఇంకేమీ లేదని జెపెట్టో చెబుతాడు, అప్పుడు వాడు ఆ తొక్కలన్నీ, ఆ పైన గింజల భాగాలన్నీ తినేసి, హాయిగా ఉందని పొట్ట తట్టుకుంటాడు. అన్నం పారేయకూడదని ఎన్ని నీతి పాఠాలు చెప్పినా రాని బలం ఈ ఒక్క ఘట్టంలో ఉంది. నాన్‌డిటెయిల్ పాఠంలో దీనికి చోటు దొరకదు, ఎందుకంటే దీన్ని తీసేసినా కథ నడుస్తుంది.

కథ కఠినంగానూ ఉంటుంది. బుద్ధి చెప్పబోయిన మాట్లాడే కీచురాయిని పినోకియో నాలుగో అధ్యాయంలోనే సుత్తి విసిరి చంపేస్తాడు. 1881లో ఒక పిల్లల వారపత్రికలో ధారావాహికగా మొదలైన ఈ రచనను కొల్లోడి పదిహేనో అధ్యాయం వద్ద, దొంగలు పినోకియోను చెట్టుకు ఉరితీయడంతో ముగించేశాడు. చదువరులు ఒప్పుకోకపోవడంతో మళ్లీ కొనసాగించాడు, 1883లో పుస్తకంగా వచ్చింది. ఈ చరిత్ర తెలిసి చదివితే పదహారో అధ్యాయం నుంచి కథ స్వభావమే మారడం కనిపిస్తుంది. చిన్నపిల్లలకు చదివి వినిపించే పెద్దలు ఈ ఘట్టాలను ముందుగా తాము చదువుకొని ఉండటం మంచిది.

‘ద సీక్రెట్ గార్డెన్’ గురించి భారతీయ పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రాసిన, 1911లో అచ్చయిన ఈ నవల మన దేశంలోనే మొదలవుతుంది. తెల్లదొర ఇంట పుట్టి, ఆయాల చేతుల్లో పెరిగిన మేరీ లెనాక్స్ అనే చిన్నపిల్ల, కలరా మహమ్మారి ఇంటిని ఊడ్చేశాక, బంగళాలో ఒంటరిగా మిగిలిపోతుంది. అందరూ ఆమెను మరిచిపోయారు, చాపమీద పాకుతున్న చిన్న పాము తప్ప ఆ గదిలో ప్రాణమున్నది మరొకటి లేదు. ఈ ఆరంభం గొప్పగా రాసినది. అయితే, ఆ పిల్లను పెంచిన ఆయా సైదీ చావు ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. ఇంగ్లండు చేరాక, యార్క్‌షైర్‌లోని పెద్ద భవంతిలో పనిచేసే మార్తా అనే అమ్మాయి తనను నల్లపిల్లగా ఊహించుకున్నానని అమాయకంగా అన్నప్పుడు, మేరీ కోపంతో రగిలిపోయి, ఆ దేశంలోనివారు మనుషులే కారు, సలాము చేయవలసిన నౌకర్లు మాత్రమేనని అరుస్తుంది.

ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి కొంతసేపు ఆగవలసి వచ్చింది. రచయిత్రి మేరీని మొండి, అహంకారి అయిన పిల్లగానే చూపుతున్నది కాబట్టి ఈ మాటలను మేరీ లోపంగా అర్థం చేసుకోవచ్చు, కానీ పుస్తకం మొత్తంమీద ఇండియా అంటే వేడి, జబ్బు, బద్ధకం అనీ, ఇంగ్లండు అంటే గాలి, ఆరోగ్యం, పని అనీ నిలబెట్టిన తీరు మాత్రం మేరీది కాదు, రచయిత్రిది. అయినా నేను ఈ నవలను చదవవద్దని చెప్పను. తాళంవేసి పదేళ్లుగా వదిలేసిన తోటలో, ఎండిపోయినట్టున్న గులాబీ కొమ్మను చాకుతో గీసి లోపలి పచ్చదనాన్ని మార్తా తమ్ముడు డికన్ చూపించే ఘట్టం, ఎవరూ ప్రేమించని ఒక పిల్ల తొలిసారిగా మరో ప్రాణి గురించి ఆలోచించడం మొదలుపెట్టే తీరు, బాల సాహిత్యంలో ఉత్తమమైన పుటల్లోవి. కుదింపులు సాధారణంగా ఇండియా భాగాన్ని ఒక పేరాకు తగ్గించి, మనల్ని నొప్పించే మాటలను తీసేస్తాయి. పిల్లలకు అది మంచిదే కావచ్చు, కానీ పెద్దవాళ్లకు అసలు పాఠం తెలిసి తీరాలి. తమ బళ్లలో, తమ ఇళ్లలో ఈ పుస్తకాన్ని ఇచ్చేవారు ఈ మాటల గురించి పిల్లలతో మాట్లాడవలసి ఉంటుంది.

‘హైడీ’ నేను అనుకున్నదానికంటే నెమ్మదైన పుస్తకం. కొండమీది తాత దగ్గర నుంచి ఫ్రాంక్‌ఫర్టులోని సంపన్నుల ఇంటికి వచ్చిన హైడీ, గట్టి రొట్టె నమలలేని గుడ్డి అవ్వ కోసం భోజనాల బల్లమీది మెత్తని తెల్ల రొట్టెలను రోజూ అల్మారాలో దాచిపెట్టడం, అవి బయటపడి పారవేయబడినప్పుడు ఆ పిల్ల పడిన దుఃఖం మాత్రం మరువలేనివి. ‘ద విండ్ ఇన్ ద విల్లోస్’లో కప్పదొర మోటారు సాహసాలు నన్ను అంతగా ఆకట్టుకోలేదు. చలికాలపు దారిలో నడుస్తున్న చుంచుకు (మోల్ అనే పాత్రకు), తాను వదిలేసి వచ్చిన పాత ఇంటి వాసన చీకట్లో ఒక్కసారిగా తగలడం, అది చెట్టు మొద్దుమీద కూలబడి ఏడవడం ఉన్న అధ్యాయాన్ని మాత్రం, ఊరు విడిచి హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిన తెలుగువారు తప్పక చదవాలి. పై జాబితాలోని మిగతా మూడు పుస్తకాలు నేనింకా చదవవలసే ఉంది.

సేవలోని పరిమితులను కూడా చెప్పాలి. ఒకే పుస్తకానికి అనేక ప్రతులుంటాయి, వాటిలో ఏది మేలైనదో గ్రంథాలయం చెప్పదు. బాల సాహిత్యంలో బొమ్మలు కథలో సగం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ ఈ గ్రంథాలయంలో 11వ సంఖ్య గల పుస్తకం, అంటే అతి పాత ప్రతుల్లో ఒకటి. అదొక్కటే చూసి ఆగకుండా, శీర్షిక పక్కన చిత్రకారుడి పేరున్న ఇతర ప్రతులను కూడా వెతుక్కోవాలి. అనువాదాలు దాదాపు అన్నీ పాతవి కావడంవల్ల ‘హైడీ’ వంటి వాటిలో ఇంగ్లీషు కొంత బరువుగా సాగుతుంది. అర్థాలు, వివరణలు ఉండవు, ‘ద సీక్రెట్ గార్డెన్’లో యార్క్‌షైర్ యాసలోని సంభాషణలు మొదట్లో మనకు కష్టమనిపిస్తాయి.

అమెరికా చట్టం ప్రకారం హక్కులు తీరిన పుస్తకాలే, అంటే స్థూలంగా ప్రచురణ జరిగి 95 ఏళ్లు నిండినవే ప్రధానంగా ఇందులో చేరతాయి. అందువల్ల 1943 నాటి ‘ద లిటిల్ ప్రిన్స్’, 1952 నాటి ‘షార్లట్స్ వెబ్’ ఇక్కడ దొరకవు, వాటిని కొనుక్కోవాలి. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లకు హక్కులు తీరుతాయి కనుక, కొల్లోడి, బర్నెట్ వంటివారి మూల రచనల విషయంలో మనకు ఏ సందేహమూ అక్కరలేదు.

చదవడం కంటే వినడం ఇష్టపడేవారికి, 2005లో మొదలైన లిబ్రివాక్స్ అనే మరో ఉచిత సేవ ఈ పుస్తకాలనే స్వచ్ఛంద పాఠకుల గొంతుల్లో అందిస్తుంది. కొన్ని పుస్తకాల్లో అధ్యాయానికొక గొంతు మారడంవల్ల ఏకాగ్రత చెదురుతుంది, ఆద్యంతం ఒకరే చదివిన ప్రతిని ఎంచుకోవడం మేలు.

తెలుగు పాఠకులుగా మనకు కలిగే పెద్ద లోటు మరొకటి. ఈ గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు అతి తక్కువ. గలివర్ కథ ఆధారంగా కందుకూరి వీరేశలింగం రాసిన ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’, చిన్నయసూరి 1853లో వెలువరించిన ‘నీతిచంద్రిక’ వంటివి ఎప్పుడో హక్కులు తీరినవే అయినా, వాటిని ఫోనులో గూటెన్‌బర్గ్ ప్రతులంత హాయిగా చదువుకునే ఏర్పాటు మనకు అలవాటు కాలేదు. పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేల సంఖ్యలో ఉన్నాయి, కానీ చాలావాటి శీర్షికలు రోమన్ అక్షరాల్లో రకరకాల వర్ణక్రమాలతో నమోదై ఉండటంవల్ల కావలసినది వెతికి పట్టుకోవడం కష్టం, దొరికినా అది పుట బొమ్మ మాత్రమే, అక్షరం పెద్దది చేసుకుంటే వాక్యం తెర దాటిపోతుంది. తెలుగు వికీసోర్సు అనే ఉచిత గ్రంథాలయంలో స్వచ్ఛంద సేవకులు గూటెన్‌బర్గ్ పద్ధతిలోనే, పుట బొమ్మను పక్కన పెట్టుకొని పాఠాన్ని సరిచూస్తున్నారు. అక్కడ చేరి ఒక పుట సరిచూడటానికి తెలుగు చదవడం, టైపు చేయడం వస్తే చాలు, పిల్లల పుస్తకాలను ఆ వరుసలో ముందుకు తెచ్చే పని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు పూనుకుంటే త్వరగా జరుగుతుంది.