డైట్ ప్లాన్ ప్యాకేజీకి డబ్బులు కట్టే ముందు ఈ లెక్క అడగండి

స్మార్ట్ వెయింగ్ మెషిన్, యాప్, మూడు నెలల కోచింగ్ కలిపి అమ్మే ప్యాకేజీలతో జాగ్రత్త. చెప్పినంతే తిన్నా బరువు కదలకపోతే తప్పు మీదే అనుకోకండి. ముందు వాళ్ల లెక్క చూడండి.

35 ఏళ్లు, 158 సెంటీమీటర్లు, 70 కిలోల ఆవిడను తీసుకుందాం. ఒంటికి రోజుకు కనీసం ఎన్ని కేలరీలు కావాలో అంచనా వేసే మిఫ్లిన్ సూత్రంలో బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసుకు ఐదు రెట్లు తీసెయ్యాలి. ఆడవాళ్లకు ఇంకో 161 తియ్యాలి, మగవాళ్లకైతే 5 కలపాలి. ఈమెకు 1,351 వస్తుంది. కదలకుండా పడుకున్నా రోజుకు ఖర్చయ్యే కేలరీలవి. ఇక్కడిదాకా పేచీ లేదు.

మోసమంతా తర్వాతి గుణకంలో ఉంది, అంటే రోజులో ఎంత కదులుతారో చూసి ఆ 1,351ని గుణించే అంకెలో. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగానికి 1.2 వెయ్యాలి, 1,622 అవుతుంది. వారానికి మూడుసార్లు కాస్త నడుస్తానని నొక్కగానే 1.55 వేసే యాప్ అయితే 2,095 చూపిస్తుంది. అందులో 500 తగ్గించి 1,595 తినమంటుంది. ఆమె అసలు ఖర్చే దాదాపు అంత, ఇంక తగ్గేదెలా? పైగా చేతి వాచీ చూపించే కేలరీలు కూడా తినొచ్చంటే, అదే నడకను రెండుసార్లు లెక్కగట్టినట్టు. చివరికి 'మీ మెటబాలిజం స్లో' అని పౌడర్ డబ్బా అంటగడతారు. దయచేసి కొనకండి.

అందరికీ ఒకే 800 కేలరీల ప్లాన్ ఇస్తే ఇంకా ప్రమాదం. డాక్టర్ చూడకుండా అది చెయ్యకూడదు. కండ కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లకు షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

యాప్‌లో ఎంట్రీ కూడా చూసుకోండి: 100 గ్రాముల బియ్యం సుమారు 350 కేలరీలు, 100 గ్రాముల అన్నం 130. ఒకటి బదులు ఇంకోటి నొక్కితే ఆ పూట లెక్కంతా పోయినట్టే. పోపులో వేసే నూనె గరిటెతో కాకుండా చెంచాతో కొలవండి, 5 మిల్లీలీటర్ల చెంచాకు 40 కేలరీల పైనే.

నిజమైన అంకె మామూలు మెషిన్‌తోనే దొరుకుతుంది. రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూసి, తిన్నదంతా రాసి, వారం సగటు తీయండి. సగటు నిలకడగా ఉంటే, తింటున్నదే మీ రోజువారీ అవసరం. వారానికి అరకిలో తగ్గుతుంటే రోజుకు సుమారు 550 తక్కువ తింటున్నట్టు, ఎందుకంటే కిలో కొవ్వుకు దాదాపు 7,700 కేలరీలు. మొదటి వారం తగ్గేదాంట్లో నీరే ఎక్కువ, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆడవాళ్లు నాలుగు వారాలైనా చూడాలి, నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి బరువు పెరిగినట్టు కనిపిస్తుంది.