పేరు చూసి ఫొటోలు డిలీట్ చేయకండి: చ్కాఫ్కా వాడాక నా మాట

మా ఇంటి ఫొటోలన్నీ ఒక 2 టీబీ హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. అక్క పెళ్ళి ఫొటోలే అందులో మూడు చోట్ల ఉన్నాయి: ‘పెళ్ళి’, ‘పెళ్ళి కొత్తది’, ‘బావ పంపినవి’. ఎందుకైనా మంచిదని ఎవరికి వాళ్ళం ఇంకో కాపీ పెట్టుకుంటూ పోయాం. మొన్న సంక్రాంతికి డిస్క్ నిండిపోయింది.

నాలుగేళ్ల క్రితం ఇలాగే నిండితే పేర్లు చూసి తీసేశాను. డీఎస్‌సీ_0412 రెండు చోట్ల కనిపిస్తే ఒకటి డిలీట్. కెమెరాలో నంబరు 9999 దాటాక మళ్ళీ 0001 నుంచి మొదలవుతుందని అప్పుడు నాకు తెలియదు. పేరు ఒకటే, ఫొటోలు వేరు. నాయనమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న ఫొటో అలా పోయింది. ఆవిడ ఇప్పుడు లేరు.

అందుకే ఈసారి ఒకే ఫైల్‌కు ఉన్న కాపీలను వెతికిపెట్టే చ్కాఫ్కా (Czkawka) అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. పోలిష్ భాషలో ఆ మాటకు ఎక్కిళ్ళు అని అర్థమట. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. ముందు ఫైళ్ల సైజులు పోలుస్తుంది. ఇంకే ఫైల్‌తోనూ సైజు కలవనిదాన్ని అసలు తెరవదు. కలిసినవాటిలో మొదట కొంచెం చదువుతుంది, అదీ కలిస్తేనే ఫైలంతా చదివి చెక్‌సమ్ లెక్కగడుతుంది, అంటే ఫైల్ లోపల ఉన్నదాన్ని బట్టి వచ్చే ఒక గుర్తింపు సంఖ్య. ఫైల్ లోపల ఒక్క బైటు తేడా ఉన్నా చెక్‌సమ్ వేరుగా వస్తుంది. పేరు మార్చినా, ఇంకో ఫోల్డర్‌లోకి జరిపినా మాత్రం మారదు. నాకు కావలసింది సరిగ్గా అదే.

చెక్‌సమ్ లెక్కగట్టే పద్ధతుల్లో బ్లేక్3 అనేదాన్నే ఉంచాను. సీఆర్‌సీ32 అనేది కూడా ఉంది కానీ దాని సంఖ్య 32 బిట్లే, అంత చిన్నదైతే వేరే వేరే ఫైళ్లకు కూడా ఒకటే రావచ్చు. డిలీట్ చేసే పనికి నేను దాన్ని నమ్మను.

అన్నిటికంటే నచ్చింది రిఫరెన్స్ ఫోల్డర్. ‘పెళ్ళి’ని అలా గుర్తు పెడితే దాని జోలికి పోదు, మిగతా చోట్ల ఉన్న కాపీలనే తీయనిస్తుంది. ఆ టెన్షన్ పోవడమే నాకు సగం పని అయినట్టు అనిపించింది. తీసేసినవి ట్రాష్‌లోకి వెళ్లే సెట్టింగ్ కూడా ముందే ఆన్ చేసుకోండి. నేను వారం రోజులు ఆగి, అక్కకు ఒకసారి చూపించి, అప్పుడు ఖాళీ చేశాను. 41 జీబీ వచ్చింది.

వాట్సాప్‌లో వచ్చిన కాపీలు మాత్రం దొరకవు. పంపేటప్పుడే ఫొటో కుదించుకుపోతుంది, కాబట్టి చెక్‌సమ్ కలవదు. ఒకేలా కనిపించే ఫొటోలను పట్టుకునే విభాగం ఇందులోనే వేరేగా ఉంది. అక్కడ అన్నీ ఒకేసారి సెలెక్ట్ చేయొద్దు, ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిందే. వరసగా తీసిన నాలుగు ఫొటోల్లో అమ్మ కళ్ళు తెరిచి ఉన్నది ఒక్కటే ఉండొచ్చు.

అంతా అయ్యాక డిస్క్‌లో డీఎస్‌సీ_0733 అని వెతికాను. రెండు వచ్చాయి. ఒకటి అక్క తలంబ్రాలు, ఇంకోటి మేనల్లుడి అన్నప్రాసన. రెండూ ఉన్నాయి.