మత్సుమోతోనా, నగానోనా: ఎక్కడ మకాం పెట్టడం మేలు?

ప్రయాణం నవంబరు 15కు ముందా, తర్వాతా? జపాన్‌లోని ఈ రెండు ఊళ్ల మధ్య తేల్చుకోలేనివాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. రెండూ సముద్రతీరమే లేని నగానో ప్రిఫెక్చర్‌లోవి (ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటిది). మత్సుమోతో జనాభా సుమారు 2.4 లక్షలు, ఎత్తు దాదాపు 600 మీటర్లు. నగానో నగరం ఆ ప్రిఫెక్చర్‌కు రాజధాని, జనాభా 3.6 లక్షల దాకా ఉంటుంది.

టోక్యో నుంచి చేరడంలో నగానోదే పైచేయి. 1998 శీతాకాల ఒలింపిక్స్ కోసమని 1997లో వచ్చిన షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) గంటన్నర అటూ ఇటూగా దింపేస్తుంది. ఈ మార్గంలో కగయాకి అనే రైల్లో సీట్లన్నీ రిజర్వుడే. రిజర్వేషన్ లేకపోతే అసామా లాంటి రైలు ఎక్కాలి. మత్సుమోతోకు షింకన్‌సెన్ లేదు. టోక్యోలోని షింజుకు స్టేషన్‌లో అజుసా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండున్నర గంటల పైనే పడుతుంది. ఈ రైల్లో సీటు పైన ఎర్ర దీపం ఉంటే ఖాళీ, ఆకుపచ్చ ఉంటే ఎవరో కొన్నది. మనకు అలవాటైన అర్థానికి ఇది పూర్తిగా తలకిందులు, కాబట్టి చూసి కూర్చోవాలి.

ఊరి అందం మాట వస్తే మాత్రం మత్సుమోతోకే నా ఓటు. స్టేషన్ నుంచి 20 నిమిషాలు నడిస్తే నల్లటి కోట. దీని ప్రధాన బురుజు 1590లలో కట్టింది. జపాన్‌లో ఇలా అసలుదే మిగిలిన బురుజులు పన్నెండే. బయటికి ఐదంతస్తులు, లోపల ఆరు: మూడోది కిటికీల్లేని చీకటి అంతస్తు, బయటినుంచి ఆనవాలు దొరకదు. చెప్పులు సంచిలో వేసుకుని చేత్తో మోయాలి, మెట్లేమో ఒకచోట 61 డిగ్రీల వాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కందకం ఒడ్డునే కూర్చుని చూడటం మంచిది. కోట అందం ఎక్కువగా అక్కడినుంచే కనిపిస్తుంది కూడా. భుజానికి వీపుసంచి తగిలించుకుని ఈ మెట్లు ఎక్కొద్దు.

మత్సుమోతోకు అసలు బలం కామికోచి లోయ. షిన్-షిమషిమ దాకా అరగంట రైలు, అక్కడినుంచి గంట పైన బస్సు. సొంత కార్లను రానివ్వరు. ఏప్రిల్ మధ్య తర్వాత తెరిచి నవంబరు 15న మూసేస్తారు. ఆ తర్వాత వెళ్తే కోట, పాత వీధులు మిగులుతాయి. ఒక రోజు చాలు.

చలికాలం నగానోది. మంచుకోతులుండే జిగొకుదానికి స్టేషన్ తూర్పు ద్వారం దగ్గర బస్సెక్కితే ముప్పావు గంట, ఆపైన అడవిదారిలో అరగంట నడక. జనవరి, ఫిబ్రవరిల్లో ఆ దారి గడ్డకట్టి జారుతుంది. మామూలు స్పోర్ట్స్ షూ సరిపోవు, అడుగున ముళ్ల పట్టీలు కట్టుకోవాలి. కోతులు అడవివి, కొండ మీద తిండి దొరికే శరత్కాలంలో ఒక్కోసారి అసలు రావు. ఊళ్లో చూడాల్సింది జెంకోజీ అనే బౌద్ధాలయం. 1707 నాటి ప్రధాన మందిరం కింద కటిక చీకటి సొరంగముంది. కుడిచేత్తో గోడ తడుముకుంటూ నడిచి ఇనుప తాళాన్ని తాకితే, పైనున్న బుద్ధుడితో బంధం కలుస్తుందని నమ్మకం. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ తెలిసినవాళ్లకు ఇది మనసుకు బాగా పడుతుంది.

శాకాహారులకూ నగానోయే నయం. సోబా నూడిల్స్ రెండు ఊళ్లలోనూ పేరున్నవే, కానీ ముంచుకునే పులుసులో ఎండుచేప సారం ఉంటుంది; చేప ముక్క కనిపించదు కాబట్టి తెలియకుండా తినేస్తారు. జెంకోజీ చుట్టూ 39 ఆలయ వసతిగృహాలున్నాయి, ముందుగా చెబితే చేప, మాంసం లేని షోజిన్ భోజనం పెడతారు. దారిలో ఆకలేస్తే గుమ్మడి లేదా ఎర్ర అలసందల లాంటి అజుకి పూర్ణం పెట్టిన ఓయాకి అనే పిండి ఉండలు కొనుక్కోండి.

రెండూ చూడాలంటే షినానో ఎక్స్‌ప్రెస్‌లో 50 నిమిషాలు. తొందర లేకపోతే లోకల్ ఎక్కండి, గంటంబావు పైన పడుతుంది. ఒబాసుతే స్టేషన్‌లో ఆ రైలు ముందుకూ వెనక్కూ కదిలి ప్లాట్‌ఫాం చేరుతుంది, కింద లోయంతా పరుచుకుని ఉంటుంది. మత్సుమోతో నుంచి వెళ్తుంటే కుడివైపు కిటికీ పట్టాలి.