కొత్త సీసాతో పేచీ లేదు, కడిగి దాచినదానితోనే: బిమిమ్ పీఎఫ్6 వాడకంపై నా మాట

ఈ ద్రవాన్ని మెచ్చుకునేవాళ్లంతా చివరికి ఒక్క మాట దగ్గరికే వస్తారు: మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు అని. నా తగవంతా ఆ మాటతోనే. శ్రీకాకుళంలో మా కాలేజీ రీసెర్చ్ ల్యాబ్‌లో బిమిమ్ పీఎఫ్6, అంటే బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్, కొన్నేళ్లుగా వాడుతున్నాం. సీలు తీసిన కొత్త సీసా ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. వాడి, కడిగి, ఆరబెట్టి దాచుకున్న ద్రవమే పెట్టింది. ఇది అయానిక్ ద్రవం, అంటే గది వేడిలోనే ద్రవంగా ఉండే లవణం. చర్యలకి, పదార్థాల్ని వేరు చేయడానికి ద్రావణిగా వాడతాం.

ముందు మంచి చెప్పాలి. దీనికి వాసన లేదు. ఆ మాట విలువ తెలియాలంటే మే నెల మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు మా ల్యాబ్‌లో ఓ గంట నిలబడాలి. ఆవిర్లని బయటికి లాగే హుడ్ ఫ్యాను ఆగిపోతుంది, టోలుయిన్, క్లోరోఫామ్ లాంటి మామూలు ద్రావణుల ఆవిర్లు గదంతా కమ్ముకుంటాయి, సాయంత్రానికి తల పగిలిపోతుంది. ఈ ద్రవానికి గది వేడిలో ఆవిరి పీడనం లేనట్టే లెక్క, అంటే దాదాపు ఆవిరే కాదు. అంత తేలిగ్గా నిప్పంటుకోదు కూడా. దీన్నీ, నీళ్లనీ, హెక్సేన్‌నీ ఒకే సెపరేటింగ్ ఫన్నెల్‌లో పోసి ఊపి నిలబెట్టండి, మూడు పొరలు కడతాయి. సాంద్రత నీటికి 1.37 రెట్ల దాకా ఉంటుంది గనక ఇది అడుగున, మధ్యలో నీళ్లు, పైన హెక్సేన్. కొత్తగా చేరిన ఎమ్మెస్సీ పిల్లలకి ఇది చూపించడం నాకు ఇప్పటికీ ఇష్టం.

చిక్కదనం మాత్రం ఆముదంలా ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు 25 డిగ్రీల దగ్గర నీటికి సుమారు 300 రెట్లు. పిపెట్‌తో కొలవాలని చూడకండి, గోడలకి పట్టుకుని దిగదు, తూకం వేసుకోవడమే మేలు. ఈ చిక్కదనం ఓ రకంగా మనకి సాయమే. తేమ పీల్చుకుందంటే ద్రవం పలచబడుతుంది. సీసా వంచినప్పుడు చురుగ్గా జారిందంటే లోపల నీళ్లు చేరినట్టే. సముద్రం ఎంతో దూరంలో లేని ఊరు మాది, ఏడాదిలో సగం రోజులు గాలే తడిగా ఉంటుంది. ఆ జారుడు చూడటం మాకు అలవాటైపోయింది.

ఖరీదు సంగతి అందరికీ తెలిసిందే. దీని చిన్న సీసా డబ్బుతో టోలుయిన్ లీటర్ల లెక్కన వస్తుంది. అందుకే ఎవరూ పారబోయరు. చర్య అయ్యాక ఈథర్‌తో పదార్థాన్ని లాగేసి, ద్రవాన్ని నీళ్లతో కడిగి, వ్యాక్యూమ్ పెట్టి వేడిమీద ఆరబెట్టి మళ్లీ వాడతారు. మేమూ అంతే. మా చర్యల్లో ఆమ్లం ఉత్ప్రేరకం. అసలు కథ అక్కడే ఉంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన తుపాను అది. ముందురోజే హెచ్చరికలొచ్చి అందర్నీ ఇళ్లకి పంపేశారు. మా రీసెర్చ్ అమ్మాయి అప్పటికి ద్రవాన్ని ఒక్కసారే కడిగింది. రోటావేపర్ (ద్రావణిని ఆవిరి చేసి తీసే యంత్రం) ఫ్లాస్క్‌లో ఉన్నది ఉన్నట్టు బిరడా బిగించి బయల్దేరింది. ఆ గాలివానలో ఇంకేం చేస్తుంది పాపం. తర్వాత కరెంటు లేదు, తుపాను సెలవులు దసరా సెలవుల్లో కలిసిపోయాయి. ఆ ద్రవం, అందులో మిగిలిన కాస్త ఆమ్లం, కాస్త నీరు, మూసిన గదిలో ఉక్కపోత. అన్నీ కలిసి అక్కడే ఉండిపోయాయి.

కాలేజీ తెరిచాక ఆ అమ్మాయి ద్రవాన్ని వేరే సీసాలోకి తీసి ఫ్లాస్క్‌ని కడగడానికిచ్చింది. కాసేపటికి మా అటెండర్ ఫ్లాస్క్ పట్టుకుని వచ్చాడు. "మేస్టారూ, ఇది మసకేసిపోనాదండి. ఎంత తోమినా పోట్లేదు." వెలుతురుకేసి పెట్టి చూశాను. ద్రవం నిలిచినంత మేరా గాజు పాలరంగుకి తిరిగింది. దాని పైన మాత్రం ఎప్పటిలాగే స్వచ్ఛంగా ఉంది. రెంటికీ మధ్య గీత గీసినట్టు అంచు. గాజుకడ్డీతో లోపల రాస్తే గరగరమంది. అది మురికి కాదు, గాజే తినేయబడింది. ఫ్లాస్క్‌ని పక్కన పెట్టించి, సీసాలోకి తీసిన ద్రవంలోంచి ఓ బొట్టు నీళ్లతో కలిపి పీహెచ్ కాగితం ముంచితే ఎర్రబడింది, 2కీ 3కీ మధ్య, అంటే బాగా ఆమ్లంగా ఉన్నట్టు. ఊళ్ల బావినీళ్లు పరీక్షించే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ మా దగ్గర ఉంది. ఆ నీటినే బాగా పలచన చేసి పెట్టినా అంకె పైపైకే పోయింది. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని చూసే పరికరం అది.

జరిగింది ఇది. పీఎఫ్6 అయాన్ నీటితో, అందునా ఆమ్లం, వేడి తోడైతే, మెల్లగా విడిపోయి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. మనం హెచ్‌ఎఫ్ అనేది అదే. గాజులోని సిలికాని అది కరిగిస్తుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. 2003లోనే అలబామా విశ్వవిద్యాలయంలో రాబిన్ రోజర్స్ బృందం ఇదే ద్రవం నీటితో విచ్ఛిన్నమవుతుందని చూపించి, అయానిక్ ద్రవాలన్నిటినీ హరిత (పర్యావరణానికి హాని చేయని) ద్రావణులని పిలవడం తగదని రాసింది. నా కోపమల్లా ఇంకోచోట. మాకొచ్చిన సీసా లేబుల్ మీద ఆశ్చర్యార్థకం గుర్తు ఒక్కటే ఉంది: చర్మానికి, కళ్లకి చికాకు అని. కొత్త సీసా వరకు అది నిజమే. అమ్మేవాడు నాలుగోసారి కడిగిన ద్రవానికి లేబుల్ రాయడు. వాడుకున్నకొద్దీ ప్రమాదం పెరిగే సరుకుని, మళ్లీ వాడుకోవచ్చు అన్న గుణం చూపించి అమ్మేటప్పుడు ఆ ఒక్క ముక్కా చెప్పకపోవడం నాకు మింగుడుపడదు.

ఆ రాత్రి తొమ్మిది దాటాక అటెండర్ ఫోన్ చేశాడు. "మేస్టారూ, యేలు సలుపుతంది. పైకి ఏటీ అగుపించట్లేదు." చేతికి మామూలు పల్చటి గ్లవ్స్ వేసుకునే తోమాడు. చూపుడువేలి దగ్గర ఎక్కడో సూదిమొనంత చిరుగు ఉండుంటుంది. హెచ్‌ఎఫ్ గుణమే ఇది. పలచన ద్రావణం తగిలితే అప్పటికప్పుడు మంట పుట్టదు. చర్మంలోంచి లోపలికి దిగి అక్కడి కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి గానీ నొప్పి తెలియదు. పైన ఎర్రగా ఉందో లేదో చూసి ధైర్యం చెప్పుకోవడానికి వీల్లేదు. చేతిని కుళాయి కింద పెట్టి ఆపకుండా కడుగుతూ ఉండమని చెప్పి, స్కూటర్ మీద వాళ్లింటికెళ్లి ఆసుపత్రికి తీసుకెళ్లాను. డ్యూటీ డాక్టరమ్మకి హెచ్‌ఎఫ్ అన్న మాట చెప్పగానే అర్థమైంది. 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ కావాలి, ఆ రాత్రి ఏ మందుల షాపులోనూ లేదు. ఆవిడ 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ ఆంపూల్స్ విరిచి 25 మిల్లీలీటర్లు తీసుకుని, నీటిలో కలిసే లూబ్రికెంట్ జెల్లీ 75 మిల్లీలీటర్లలో కలిపించింది. దాన్ని గ్లవ్‌లో నింపి అతని చెయ్యి అందులో పెట్టించింది. రక్తంలో కాల్షియం చూశారు, ఈసీజీ తీశారు, రెండూ బాగానే ఉన్నాయి. తెల్లారేసరికి సలుపు తగ్గింది. ఆవిడకి నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

ఇప్పుడు మా పద్ధతి మారింది. వాడిన ద్రవం గాజులో నిలవ ఉండదు, మందపాటి ప్లాస్టిక్ సీసాల్లోనే. కడిగిన ప్రతిసారీ ఆ నీటిలో పీహెచ్ కాగితం ముంచి ఆ రంగుముక్కని నోట్‌బుక్‌లో అంటిస్తాం, ఆమ్లపు జాడ పోయేదాకా ఆరబెట్టడం మొదలుపెట్టం. తడి ద్రవాన్ని ఎక్కువ వేడి చేయం. పల్చటి గ్లవ్స్ మీద మందపాటి నియోప్రీన్ గ్లవ్స్ వేయకుండా కడిగే పని ఎవరికీ ఇవ్వం. జెల్ ఇప్పుడు ఫ్రిజ్ పక్క అరలో, తాళం లేకుండా ఉంటుంది. గడువు తేదీ నేనే చూసుకుంటాను.

వాసన లేదని ఇందాక మెచ్చుకున్నాను కదా. అది నిజమే గానీ, ఆ నిజం శుద్ధమైన ద్రవం వరకే. పాడైన సీసా మూత తీస్తే హెచ్‌ఎఫ్ ఆవిరి రావచ్చు, అందుకని వాడిన సీసాలన్నీ హుడ్‌లోనే తెరుస్తాం. బాగా కాలినా అంతే, విషవాయువులే వస్తాయి. సింకులో పారబోయడం అసలు వద్దు. గాల్లోకి పోని సరుకు నీళ్లలోకి పోతుంది. ఈ బ్యూటైల్ ఇమిడజోలియం తేలిగ్గా కుళ్లి పోయే రకం కాదు, పక్కనున్న కార్బన్ గొలుసు పొడవయ్యేకొద్దీ ఈ జాతి ద్రవాలు నీటి ప్రాణులకి మరింత విషం. మా కాలువల నీళ్లు చివరికి చేరేది నాగావళికే. వ్యర్థాలన్నీ విడి డబ్బాలో పోగుచేసి, లైసెన్సు ఉన్నవాళ్లకే అప్పగిస్తున్నాం. ఆలస్యమవుతుంది, ఖర్చవుతుంది, ప్రిన్సిపాల్ గారి సంతకానికి తిరగాలి. తిరుగుతున్నాను.

ఆమ్లంతో పనికి ఇప్పుడు ఎన్‌టీఎఫ్2 (బిస్‌ట్రైఫ్లిమైడ్) అయాన్ ఉన్న ద్రవం తెప్పిస్తున్నాం. నీటితో అలా విడిపోదు, ఇంత చిక్కగానూ ఉండదు. దీనికన్నా ఖరీదు, అది కూడా నిరపాయమేమీ కాదు, దాని జాగ్రత్తలు దానికున్నాయి.

పీఎఫ్6 మానేశామా అంటే లేదు. ఆమ్లం, వేడి లేకుండా పదార్థాన్ని లాగి వేరుచేసే ఎక్స్‌ట్రాక్షన్ పనులకి నాకు ఇప్పటికీ ఇదే ఇష్టం. గాలి, తేమ చొరబడని గ్లవ్ బాక్స్, ఆగని కరెంటు, పొడిగాలి ఉన్నవాళ్ల ల్యాబ్‌లో నా అనుభవం ఇలా ఉండకపోవచ్చు. మాలాంటి చోట మాత్రం రెండుసార్లకి మించి తిరిగి వాడటం నాకు ఇష్టం లేదు, ఎంత పొదుపైనా సరే. డిగ్రీ పిల్లల ప్రాక్టికల్స్‌కి కొత్త సీసాలోదే ఇస్తాను, అదీ ఆ మూడు పొరలు చూపించేంతే.