తిరిగిరాని ప్రేమ: లీసా కథ చూడాలా, ఆదెల్ కథ చూడాలా?

తిరిగిరాని ప్రేమ మీద రెండు సినిమాలు. మాక్స్ ఓఫుల్స్ 1948లో తీసిన ‘లెటర్ ఫ్రమ్ ఏన్ అన్‌నోన్ ఉమన్’ ఒకటి, అందులో నాయిక లీసా. త్రూఫో 1975లో తీసిన ‘ది స్టోరీ ఆఫ్ ఆదెల్ హెచ్’ ఇంకొకటి. ఒక్క సాయంత్రమే ఖాళీ ఉంటే ఏది?

నిడివి: మొదటిది గంటన్నర లోపే, రెండోది కాస్త ఎక్కువ.
భాష: మొదటిది ఇంగ్లిష్. రెండోదానికి సబ్‌టైటిల్స్ కావాలి.
మూలం: మొదటిది స్టెఫాన్ జ్వైగ్ కథ. రెండోది నిజంగా జరిగింది. ఒక సైనికాధికారి కోసం ఫ్రెంచ్ రచయిత విక్టర్ హ్యూగో కూతురు ఆదెల్ కెనడాలోని హాలిఫాక్స్ దాకా వెళ్లింది.

అసలు తేడా గుండెబరువు దగ్గరే. లీసాకి ఒక్క రాత్రి సంతోషమైనా దక్కింది. వియన్నా పార్కులో కదలని రైలు పెట్టెలో ఆమె, ఆమె ప్రేమించినవాడు కూర్చుంటారు. కిటికీ బయట రకరకాల దేశాల బొమ్మల తెర కదులుతుంటుంది. దాన్ని తిప్పడానికి ఒక ముసలాయన సైకిల్ తొక్కుతుంటాడు. దేశాలన్నీ అయిపోతే మళ్లీ మొదటి నుంచి!

ఆదెల్‌కి ఆపాటి కూడా లేదు. ఎవరి కోసం సముద్రం దాటిందో అతనే బార్బడోస్ వీధిలో ఎదురుపడితే, గుర్తుపట్టకుండా వెళ్లిపోతుంది. ఆదెల్‌గా నటించిన ఇసబెల్ అజానీకి షూటింగ్ నాటికి ఇరవై నిండలేదు. ఆ నడక ఇంకా నా కళ్లలోనే ఉంది.

పాత నలుపు తెలుపు సినిమాలు కొత్త అయితే, ఇంట్లోవాళ్లతో చూసేటట్టయితే లీసా. ప్రేమ జబ్బుగా ఎలా మారుతుందో చూడాలంటే ఆదెల్. మనసు బాగోలేని రోజు మాత్రం ఒంటరిగా వద్దు.