జవాన్ నుంచి ఆఫీసర్‌గా: ఏ విభాగం కోరుకోవాలో చెప్పే మార్గదర్శక తరగతులపై సమీక్ష

సిపాయిగా సైన్యంలో చేరి, ఆర్మీ కేడెట్ కాలేజీ ద్వారా ఆఫీసర్ కావాలనుకునే తెలుగు జవాన్ల కోసం సికింద్రాబాద్ తిరుమలగిరి ప్రాంతంలో కొందరు విశ్రాంత అధికారులు నడుపుతున్న తరగతుల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. సైన్యపు వాహనాలు, యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో నాయక్‌గా ఉన్న మా తమ్ముడు సెలవు మీద వచ్చినప్పుడు వీటిలో చేరాడు. ఆర్టిలరీలో (ఫిరంగి దళంలో) హవల్దార్‌గా పనిచేసి రిటైరైన నేను నిర్వాహకుల అనుమతితో వెనుక వరుసలో కూర్చుని విన్నాను. రాత పరీక్షకూ అధికారులను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకూ తర్ఫీదు ఇచ్చే కేంద్రాలు కంటోన్మెంటు చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి కానీ, కమిషన్ (ఆఫీసర్ హోదా) వచ్చేటప్పుడు ఏ విభాగాన్ని కోరుకోవాలన్న ప్రశ్నకు ప్రత్యేకంగా సమయం కేటాయించిన చోటు నేను చూసినంతలో ఇదొక్కటే. అందువల్ల ఆ భాగం గురించే వివరంగా చెబుతాను.

ఈ తరగతుల అసలు బలం మొదటి పూటే తెలుస్తుంది. ఇన్‌ఫాంట్రీ (పదాతిదళం) గొప్పదా, ఆర్మర్డ్ కోర్ (ట్యాంకుల దళం) గొప్పదా అన్న చర్చ మొదలు కాకముందే ప్రతి అభ్యర్థి చేతా అతని వయసు లెక్కను కాగితం మీద వేయిస్తారు. ఆర్మీ కేడెట్ కాలేజీకి (ఏసీసీకి) వయసు 20 నుంచి 27 ఏళ్ల మధ్య ఉండాలి, కనీసం రెండేళ్ల సర్వీసు ఉండాలి. ఎంపికైనవారు డెహ్రాడూన్‌లో మూడేళ్లు చదివి జేఎన్‌యూ డిగ్రీ పొంది, ఆపైన ఇండియన్ మిలిటరీ అకాడమీలో (ఐఎంఏలో) ఒక ఏడాది శిక్షణ పూర్తి చేయాలి. అంటే 27వ ఏట అడుగుపెట్టినవాడు లెఫ్టినెంట్ అయ్యేసరికి అతనికి 31 ఏళ్లు వస్తాయి. కమిషన్ అయిన 2 ఏళ్లకు కెప్టెన్, 6 ఏళ్లకు మేజర్, 13 ఏళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ హోదాలు వస్తాయి కనుక అతను 44వ ఏట లెఫ్టినెంట్ కల్నల్ అవుతాడు. ఆ హోదాలో పదవీ విరమణ వయసు 54. ఖాళీలను బట్టి పై హోదాకు ఎంపిక చేసే సెలెక్షన్ బోర్డులో నెగ్గకపోయినా సర్వీసు కాలాన్ని బట్టి కల్నల్ కావాలంటే 26 ఏళ్ల కమిషన్డ్ సర్వీసు కావాలి, అతని చేతిలో ఉన్నది 23 ఏళ్లే. ఇరవై రెండేళ్లకే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) నుంచి వచ్చిన అధికారికి రెండు దారులుంటే ఇతనికి సెలెక్షన్ బోర్డు ఒక్కటే దారి. ఇంత ముఖ్యమైన సంగతిని మా తమ్ముడికి యూనిట్‌లో ఎవరూ చెప్పలేదు.

ఈ లెక్క అర్థమయ్యాకే విభాగాల మధ్య తేడా నిజంగా తెలుస్తుంది, ఎందుకంటే కల్నల్ ఖాళీలు అన్నిటికీ ఒకే నిష్పత్తిలో ఉండవు. 1999 కార్గిల్ యుద్ధం తరువాత యూనిట్ కమాండర్ల వయసు తగ్గించాలన్న ఆలోచనతో అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫారసులు వచ్చాయి. వాటి ప్రకారం ఏర్పడిన కొత్త కల్నల్ పోస్టుల్లో ఇన్‌ఫాంట్రీకీ ఆర్టిలరీకీ ఎక్కువ వాటా ఇచ్చే విధానం 2009లో అమలులోకి వచ్చింది. ఇతర విభాగాల అధికారులు న్యాయస్థానానికి వెళ్లగా, 2016లో సుప్రీంకోర్టు ఆ విధానాన్ని సమర్థిస్తూనే కంబాట్ సపోర్ట్ (పోరాడే దళాలకు తోడ్పడే) విభాగానికి అదనపు పోస్టులు కల్పించాలని ఆదేశించింది. ఈ వ్యవహారాన్ని జవాన్లకు అర్థమయ్యేలా, హిందీలోనూ తెలుగులోనూ ఓపికగా విడమరిచి చెప్పిన అధికారి పట్ల నాకు నిజమైన గౌరవం కలిగింది.

ఇన్‌ఫాంట్రీ గురించి జరిగిన పాఠం మాత్రం నన్ను నిరాశపరిచింది. మధ్యప్రదేశ్‌లోని మౌలో ఉన్న ఇన్‌ఫాంట్రీ స్కూల్లో యువ అధికారుల కోర్సు గురించీ, బెళగావిలో కమాండో కోర్సు గురించీ ఎంతో ఉత్సాహంగా చెప్పారు కానీ, ఇరవై రెండేళ్ల కుర్రాడి పక్కన ముప్పై ఒకటేళ్ల లెఫ్టినెంట్ అదే బరువు మోస్తూ అదే దూరం పరుగెత్తాలన్న విషయాన్ని దాటవేశారు. అప్పటికే మోకాలికో నడుముకో దెబ్బ తగిలి ఉన్న హవల్దారుకు తన మెడికల్ కేటగిరీ (ఆరోగ్యాన్ని బట్టి సైన్యం ఇచ్చే శ్రేణి) గురించి దాపరికం లేకుండా మాట్లాడుకునే చోటు కావాలి. అందరి ముందూ చెయ్యెత్తి ఆ మాట అడగడానికి ఎవరూ ముందుకు రారు. వ్యక్తిగతంగా మాట్లాడేందుకు ప్రతి ఒక్కరికీ అరగంట కేటాయించి ఉంటే ఈ లోటు తీరేది.

పాత రెజిమెంటుకే తిరిగి వెళ్లాలా అన్న ప్రశ్నను కూడా పైపైనే ముగించారు. నా ఉద్దేశంలో జవాన్‌గా ఉండి వచ్చినవాడికి అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే. పాత రెజిమెంటులో ఆచారాలు, ఆయుధాలు, మనుషుల స్వభావం అన్నీ తెలుసు. కానీ నిన్నటిదాకా తనకు డ్రిల్ నేర్పిన సుబేదార్ సాబ్ రేపు తనకే సెల్యూట్ చేస్తారు, తనతో ఒకే బ్యారక్‌లో పడుకున్న స్నేహితుడి తప్పుకు తానే శిక్ష వేయవలసి రావచ్చు. ఇది తట్టుకోగలిగినవారున్నారు, వారిని నేను చూశాను. తట్టుకోలేనివారు అదే రెజిమెంటులో వేరే బెటాలియన్‌నో, తమ పని అనుభవం అక్కరకొచ్చే మరో విభాగాన్నో కోరుకోవడం మంచిది. అయితే ఐఎంఏలో కేడెట్ రాసిచ్చే ఇష్టాల వరుస కోరిక మాత్రమేననీ, మెరిట్టునూ ఖాళీలనూ బట్టే కేటాయింపు జరుగుతుందనీ నిర్వాహకులు పదేపదే గుర్తుచేశారు. అది సరైన పని.

సర్వీసెస్ గురించి, అంటే సరఫరాలు, మరమ్మతుల వంటి పనులు చూసే విభాగాల గురించి చెప్పిన భాగం బాగుంది. ఈఎంఈ కేంద్రం, ఆర్డినెన్స్ (ఆయుధాలు, సామగ్రి సరఫరా చేసే విభాగం) కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి కనుక వాటిలో చేరితే ఇంటికి దగ్గరగా ఉండవచ్చని మన కుటుంబాల్లో ఒక నమ్మకం ఉంది. శిక్షణా కేంద్రం ఎక్కడ ఉందన్నదానికీ పోస్టింగుకూ సంబంధం లేదనీ, సర్వీసెస్‌లో చేరిన యువ అధికారి కూడా తొలి సంవత్సరాల్లో పదాతిదళ యూనిట్‌తో అటాచ్‌మెంట్ (కొంతకాలం ఆ యూనిట్‌లో పని) చేయవలసి ఉంటుందనీ ఇక్కడ స్పష్టంగా చెప్పారు. ఇంజనీరింగ్ పట్టా లేని అధికారులకు పుణె, మౌ, సికింద్రాబాద్‌లలోని సైనిక కళాశాలల్లో ఉన్న డిగ్రీ కోర్సుల గురించి కూడా వివరించారు. వాహనాల మరమ్మతులో ఏళ్ల తరబడి చెయ్యి తిరిగిన మా తమ్ముడు ఈఎంఈనే మొదటి ఇష్టంగా రాసుకోవాలన్న నిర్ణయానికి వచ్చింది ఆ పాఠం విన్న తరువాతే.

ఫీజు ఒక నాయక్ జీతానికి భారం కాదు. గదిలో గాలి ఆడదు, ముద్రించి ఇచ్చిన నోట్సులో అచ్చుతప్పులు చాలా ఉన్నాయి. 25 ఏళ్ల లోపు జవాన్లకు ఈ తరగతులను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. 28 దాటి, జవాన్లు ఆఫీసర్ కావడానికి ఉన్న మరో దారి అయిన స్పెషల్ కమిషన్డ్ ఆఫీసర్ ఎంట్రీకి ప్రయత్నించేవారికి మాత్రం ఇక్కడ దొరికేది తక్కువ. వారి వయసుకు తగ్గట్టు వేరే తరగతి పెట్టేదాకా ఫీజు కట్టే ముందు నిర్వాహకులను కలిసి, తమకు పనికొచ్చే భాగం ఎంతో అడిగి తెలుసుకోవాలి.